రాయనిదే పలకవద్దు

మా అక్క మొగుణ్ణి వీధిలో అందరూ లెకెల్ మాస్టారు అంటారు. ఆ పేరు పెట్టింది ఆయన శిష్యులే. వాళ్ళు వెక్కిరింతగా పెట్టారు, ఆయన బిరుదులా పుచ్చుకున్నాడు. నేను మాత్రం బావా అనే పిలుస్తాను. అక్కని చేసుకున్నాడు కనక తప్పదు గానీ, లేకపోతే ఆ రెండక్షరాలు కూడా ఆయన మీద ఖర్చు పెట్టేవాణ్ణి కాదు.

ఆయన ఫ్రెంచి నేర్పుతాడు. సైకిళ్ళు బాగుచేసే షాపు పైన గది. మెట్లెక్కుతున్నంతసేపూ గ్రీజు వాసన, లోపలికి వెళ్ళాక సుద్ద వాసన. ఉన్న ఒక్క కిటికీకీ బీరువా అడ్డం పెట్టాడు, వీధి మాటలు లోపలికి రాకూడదట. గుమ్మం మీద 'ఇచ్చట ఫ్రెంచి భాష క్షుణ్ణముగా నేర్పబడును' అని బోర్డు. అందులో 'క్షుణ్ణముగా' అన్న మాట ఒక్కటే నిజం. నేర్పేది ఒక్క పాఠం, దాన్ని మాత్రం నూరి పోస్తాడు.

నల్లబల్ల సంగతి చెప్తే మనిషి అర్థమవుతాడు. లోకంలో ఎవరైనా నల్లబల్ల మీద సుద్దతో రాస్తారు, చెరిపేస్తారు, మర్నాడు ఇంకోటి రాస్తారు. మా బావ ఒక పట్టికని తెల్ల ఎనామిల్ పెయింటుతో వేయించాడు. పైనుంచి కిందదాకా గళ్ళు, గళ్ళ నిండా సర్వనామాలు. రోజూ రాసి చెరపడం దండగ అన్నాడు. పట్టిక పోను అడుగున జానెడు జాగా మిగిలింది. మిగతా ఫ్రెంచి భాష అంతా ఆ జానెడులో సర్దుకోవాలి.

ఆ పాఠం నాకూ కంఠతా వచ్చు, వాళ్ళింట్లో భోజనానికి కూర్చున్నప్పుడల్లా విని విని. మనం 'నేను రాసే కలం' అంటాం, 'నేను కూర్చున్న కుర్చీ' అంటాం. కుర్చీ మీదేనా అని ఎవరూ అడగరు. కుర్చీ కింద కూర్చునే మనుషులు ఉండరు కనక మన భాష ఆ పట్టింపు పెట్టుకోలేదు. ఫ్రెంచి వాళ్ళకి అలా కుదరదట. 'కుర్చీ, దేని మీదనైతే నేను కూర్చున్నానో అది' అనాలట. ముందు 'మీద', 'కింద', 'తో' లాంటి మాట రావాలి, దాని వెనకే సర్వనామం రావాలి. చెప్పేది మనిషి గురించి అయితే 'కి'. వస్తువు గురించి అయితే 'లెకెల్'. ఆ వస్తువు ఆడదైతే 'లాకెల్'. ఒకటి కాక చాలా ఉంటే 'లేకెల్'. వస్తువుల్లో ఆడా మగా ఏమిటి బావా అని అడిగాను ఒకసారి. కలం మగది, కుర్చీ ఆడది అని కోపంగా చెప్పి, ఇంత కూడా తెలియకుండా ఎలా బతుకుతున్నావురా అన్నట్టు చూశాడు. ఆ పక్కనే మా అక్క వడ్డిస్తూ నిలబడి ఉంది. ఆవిడ కూడా కాస్త కూర్చుంటే బాగుండునని ఆయనకి తోచలేదు.

అందులో ఒక మినహాయింపు ఉంది, అదంటే ఆయనకి ప్రాణం. 'వీళ్ళలో', 'వాళ్ళలో' అనడానికి 'పార్మీ' అని ఒక మాట ఉందట. దాని తర్వాత మనుషులైనా సరే 'కి' రాకూడదు, 'లేకెల్' రావాలి. అంటే అక్కడ మనుషులు కూడా కుర్చీల లెక్కలోకి వెళ్ళిపోతారు. ఈ సంగతి చెప్పేటప్పుడు ఆయన మొహం వెలిగిపోతుంది.

పరీక్షలో ఆ పాఠం మీద ప్రశ్న రాక తప్పదు. ఆయన దగ్గర చదివినవాళ్ళు దాన్ని తప్పరు. అందుకని పిల్లలు వస్తారు, పాసవుతారు, పోతారు. వాళ్ళలో ఒక్కడైనా ఫ్రెంచిలో మంచినీళ్ళు అడిగి తాగాడని నేను వినలేదు. వినే వీలే లేదు, ఎందుకంటే ఆ గదిలో ఫ్రెంచి ఎవరూ మాట్లాడకూడదు. 'రాయనిదే పలకవద్దు' అన్నది ఆయన చట్టం. పిల్లవాడు వాక్యం రాసి పట్టుకెళ్ళాలి. మాస్టారు ఎర్ర కలంతో నామవాచకం చుట్టూ సున్నా చుట్టి, అక్కణ్ణుంచి సర్వనామం దాకా బాణం గీస్తాడు. లింగం కలిసి, వచనం కలిస్తే ఒక టిక్కు. టిక్కు పడ్డ వాక్యాన్ని ఒక్కసారి పైకి చదువుకోవచ్చు. అప్పటికి చెప్పాలనుకున్న మాట చల్లారి గడ్డకట్టుకుపోయి ఉంటుంది. పాఠం జరుగుతుంటే మెట్ల మీద నిలబడ్డవాడికి లోపల ఎవరూ లేరేమో అనిపిస్తుంది.

దీని వెనక కథ ఒకటి ఉందని అక్క చెప్పింది. కాలేజీ రోజుల్లో నోటి పరీక్షకి వెళ్ళాడట. నీ స్నేహితుడి గురించి చెప్పు అని పరీక్ష చేసే ఆవిడ అడిగిందట. ఈయన తడబడి, స్నేహితుడికి వస్తువుకి వాడే మాట వాడాట్ట. ఆవిడ నవ్విందట. ఆ నవ్వుని ఆవిడ గుమ్మం దాటేసరికి మరిచిపోయి ఉంటుంది. ఈయన మరవలేదు. అప్పణ్ణుంచి తను నోరు తెరిచి ఫ్రెంచి మాట్లాడింది లేదు, ఇంకొకరిని మాట్లాడనిచ్చిందీ లేదు. ఈ కథ చెప్పి అక్క కళ్ళు తుడుచుకుంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. అవమానం ఎవరికి జరగదు? నేను బిస్కెట్ల ఫ్యాక్టరీలో పిండి సెక్షను సూపర్‌వైజరుని. మా మేనేజరు నన్ను నలుగురిలో కడిగేయని వారం లేదు. అందుకని నేను నా కింద పనిచేసేవాళ్ళ నోళ్ళు కుట్టేశానా?

ఆయన కుట్టిన నోళ్ళలో మొదటిది సొంత కూతురిది. మా మేనకోడలు ఆ పట్టిక కింద కూర్చునే అక్షరాలు దిద్దింది. పెద్దయ్యాక నాన్న శిష్యుల వాక్యాలకి సున్నాలు చుట్టడం, బాణాలు గీయడం దాని పని. జీతం లేదు, సెలవు లేదు. పెళ్ళో ఉద్యోగమో అనే ఊసు ఎవరైనా ఎత్తితే, 'ముందు దాన్ని పట్టిక పూర్తి చెయ్యనీ' అనేవాడు. ఆ పట్టిక ఎప్పటికి పూర్తవుతుందో ఆయనే చెప్పాలి. అది పూర్తయితే ఎర్ర కలం పట్టుకునేవాళ్ళు వేరే దొరకరు కదా.

అయితే పిల్ల రక్తంలో మా వైపుది కాస్త ఉంది. నేను పాత ఫోను ఒకటి దానికిచ్చాను. డాబా మీద బట్టలు ఆరేసే వంకతో అందులో ఫ్రెంచి రేడియో పెట్టుకునేది. ఎక్కడో ఎవరో ఆవిడ ఇవాళ వాన పడుతుంది, ఫలానా రోడ్డు మీద లారీ తిరగబడింది అని చెప్తుంటే, ఈ పిల్ల ఇక్కడ దుప్పటి పిండుతూ అదే మాట అదే గొంతుతో అనేది. నేను మెట్ల మీద కాపలా. నాన్న అడుగుల చప్పుడు వినపడితే దగ్గేవాణ్ణి. సొంత ఇంట్లో దొంగతనంగా మాటలు నేర్చుకున్న పిల్లని నేను దాన్ని తప్ప ఇంకెవరినీ చూడలేదు.

ఇలా ఉండగా మా ఫ్యాక్టరీకి కొత్త లైను వచ్చింది. పిండిని రేకులా పరిచి, అచ్చు కోసి, పొయ్యిలోకి పంపే యంత్రం. ఫ్రెంచి కంపెనీది. దాన్ని బిగించడానికి అక్కణ్ణుంచి ఒక ఫిట్టరు వస్తున్నాడు, వాడికి సొంత భాష తప్ప ఇంకేమీ రాదు. మాటలు మార్చి చెప్పే మనిషి కావాలి. పని బాగుంటే ఆ తర్వాత కూడా ఆఫీసులోనే కుర్చీ వేసి, కంపెనీతో ఫోన్లు మాట్లాడే ఉద్యోగం ఇస్తామన్నాడు మేనేజరు. నేను వెంటనే మా మేనకోడలి పేరు చెప్పాను. ఆ సాయంత్రమే వాళ్ళింటికి పరిగెత్తాను. తప్పు అక్కడే చేశాను. ఆ మాట డాబా మీద చెప్పాల్సింది, భోజనాల బల్ల దగ్గర చెప్పాను.

"ఉద్యోగమా? దీనికా?" అన్నాడు బావ, ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి. "ఇది ఇంకా 'పార్మీ' దగ్గర తడబడుతోంది. నిన్న ఒక కాగితంలో బాణం తప్పు గీసింది."

"బిస్కెట్లకి బాణాలు అక్కర్లేదు బావా. వాడు చెప్పింది మాకు చెప్పాలి, మేం చెప్పింది వాడికి చెప్పాలి. అంతే."

"అంతే అంటావేమిటిరా. వాడు ఫ్రెంచివాడు. ఒక్క తప్పు దొర్లితే నవ్వుతాడు."

"నవ్వనీండి నాన్నా," అంది పిల్ల, తలెత్తకుండానే.

బల్ల దగ్గర అందరం చెయ్యి ఆపేశాం. ఆ ఇంట్లో అంత పెద్ద మాట ఎవరూ అనగా వినలేదు. అక్క గబగబా నీళ్ళు పోసింది. బావ నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, తీర్పు చెప్పాడు. "నేను వెళ్తాను. ఇది నా వెంట వచ్చి నిఘంటువు మోస్తుంది."

"ఏవండీ, పిల్లని పిలిచారు కదా వాళ్ళు," అంది అక్క మెల్లగా.

"పిలిచింది ఫ్రెంచి కోసం. ఫ్రెంచి నా దగ్గర ఉంది."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనేవాడితో వాదించి ఎవడు గెలిచాడు? పిల్ల తిన్న కంచం తీసుకుని లేచి వెళ్ళిపోయింది. వంటింట్లో కంచం కడుగుతున్నంతసేపూ కుళాయి హోరున పారుతూనే ఉంది.

మర్నాడు ఫ్యాక్టరీకి బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంచీలో పలకా బలపం పెట్టుకుని వచ్చాడు. అవును, పలక. వెనకాల మా మేనకోడలు ఇటుకంత నిఘంటువు మోసుకుంటూ. ఫిట్టరు లావుపాటి మనిషి, అగ్గిపుల్ల నములుతూ ఉంటాడు. వచ్చీ రాగానే గడగడా ఏదో చెప్పాడు. బావ చెయ్యి అడ్డం పెట్టి, సంచీలోంచి పలక తీసి వాడి చేతికిచ్చాడు. ఫిట్టరు పలక వంక చూశాడు, బావ వంక చూశాడు, తర్వాత నా వంక చూశాడు. ఈయనకి చెవుడా అని సైగ చేసి అడిగాడు. కాదని నేనెలా చెప్పను?

చివరికి ఫిట్టరు పలక మీద ముక్కుతూ మూలుగుతూ రాశాడు. బావ కళ్ళద్దాలు సవరించుకుని చూసి, సంతోషంతో ఊగిపోయాడు. జేబులోంచి ఎర్ర సుద్ద తీసి సున్నా చుట్టాడు, బాణం గీశాడు. "చూశారా," అన్నాడు మేనేజరుతో. "తప్పు. ఇక్కడ 'అవెక్ లెకెల్', అంటే దేనితోనైతే అని రావాలి. వాళ్ళ భాష వాళ్ళకే సరిగ్గా రాదు."

మా మేనేజరు సంగతి వేరే చెప్పాలా, చదవేస్తే ఉన్న మతి పోయిందన్న సామెత ఇలాంటివాళ్ళని చూసే పుట్టి ఉంటుంది. ఫ్రెంచివాడి ఫ్రెంచినే దిద్దాడంటే ఈయన ఎంత పండితుడో అని మురిసిపోయాడు. పక్క సెక్షన్ల వాళ్ళని పిలిచి చూపించాడు. ఫిట్టరు చెప్పిందేమిటో ఎవరూ అడగలేదు. బావ చెప్పలేదు. పలక మీద మాత్రం ఎర్రగా, అందంగా బాణం ఉంది.

రోజులు అలాగే నడిచాయి. బోల్టు బిగించడం ఒక వంతు, వాక్యం బిగించడం పది వంతులు. ఫిట్టరు మాటలు తగ్గించేసి, వేళ్ళతో చూపించడం మొదలుపెట్టాడు. చూపించలేనివి ఉంటే చూపు తిప్పి మా మేనకోడలి వైపు చూసేవాడు. ఆ పిల్లకి అన్నీ అర్థమవుతున్నాయని వాడు పసిగట్టాడు. నాన్న మాత్రం పసిగట్టలేదు.

మొదటిసారి లైను నడిపి చూసే రోజు వచ్చింది. పొద్దున్నే ఫిట్టరు అందరినీ పిండి పరిచే రోలరు దగ్గరికి రమ్మని, చాలాసేపు, చాలా గట్టిగా ఏదో చెప్పాడు. రోలరు చూపించాడు, చెయ్యి చూపించాడు, తల అడ్డంగా ఊపాడు. ఆ చెప్పడంలో ఎక్కడో మళ్ళీ లెకెల్ తప్పిందట. బావ పట్టేసుకున్నాడు. మేనేజరుకి పట్టిక మొత్తం ఒప్పజెప్పడం మొదలుపెట్టాడు.

"నాన్నా, ఆ రోలరు దానంతట అదే..." అని పిల్ల అందుకోబోయింది.

"పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో రాకు. చెప్పాల్సింది ఉంటే రాసి చూపించు," అన్నాడు బావ.

ఈలోపు మేనేజరు గడియారం చూసుకుని, ఎవరి చోటికి వాళ్ళు వెళ్ళండని తరిమేశాడు. నేను రోలరు దగ్గరికి, వాళ్ళంతా అవతలి కొసన స్విచ్చుల దగ్గరికి.

ఇక్కడ మా పిండి సెక్షను అలవాటు ఒకటి చెప్పాలి. మా పాత యంత్రం ఆగిందంటే ఆగినట్టే. మేం వెళ్ళి మీట నొక్కితే తప్ప అంగుళం కదలదు. అందుకని పిండి ఉండ అడ్డం పడి ఆగినప్పుడల్లా చెయ్యి దూర్చి లాగేస్తాం. దాని మీద మాకంత నమ్మకం. కొత్తది అలాంటిది కాదు. అడ్డం పడితే దానంతట అదే ఆగుతుంది, అడ్డం తొలగిందని దానికి తోస్తే దానంతట అదే తిరుగుతుంది. ఫిట్టరు పొద్దున్న గొంతు చించుకుని చెప్పింది ఇదే. ఈ ఒక్క ముక్క మాకు చేరి ఉంటే ఎవరూ చెయ్యి పెట్టేవాళ్ళం కాదు.

లైను మొదలైంది. కాసేపు బాగానే నడిచింది, తర్వాత పిండి ఉండ కట్టుకుని రోలరు కింద ఇరుక్కుంది. యంత్రం ఆగింది. నేను అలవాటు ప్రకారం చెయ్యి దూర్చాను. ఉండ జారుతోంది, గోళ్ళతో పట్టి లాగుతున్నాను. అవతలి కొసనుంచి ఫిట్టరు అరిచాడు. 'అతను చెయ్యి పెట్టిన రోలరు తిరగబోతోంది' అని నా గురించి అరిచాట్ట. పాపం, పనివాడి భాషలో, మనం అన్నట్టే, ఏ మీదా కిందా పట్టింపు లేకుండా అరిచాట్ట. అరిచి బావ భుజం పట్టుకుని కుదిపాడు, చెప్పవయ్యా అని.

బావ చూపుడువేలు పైకెత్తాడు. ఇది నేను కళ్ళారా చూశాను, ఎవరో చెప్పింది కాదు. వేలు పైకెత్తి, తొణక్కుండా, "సూ లెకెల్," అన్నాడు. దేని కిందనైతే అని అర్థం. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే ఇంకొకడు చుట్టకి నిప్పడిగాడట. వాడు నయం. వాడికి కనీసం ఇల్లు కాలుతోందని తెలుసు.

"మామయ్యా, చెయ్యి తియ్యి," అని కేక వినపడింది. నిఘంటువు నేల మీద పడ్డ చప్పుడు వినపడింది. చెయ్యి లాగేశాను. లాగుతుండగానే రోలరు తిరిగింది. చిటికెన వేలి కొస మాత్రం చిక్కి నలిగింది. మిగతా నాలుగు వేళ్ళూ, అరచెయ్యీ నాతోనే బయటికి వచ్చాయి. ఇది రాస్తున్నది ఆ చేత్తోనే. చిటికెన వేలు వంకరగా ఉంటుంది, కాగితానికి ఆనదు, అంతే తేడా.

ఫస్ట్ ఎయిడ్ గదిలో నాకు కట్టు కడుతుంటే అందరూ గుమిగూడారు. మేనేజరు మొహం సున్నం కొట్టినట్టుంది. "మాస్టారూ, అతను అరిచింది అర్థమయ్యాక వెంటనే చెప్పాలి కదండీ," అన్నాడు.

"వాక్యంలో దోషం ఉంది. సవరించాను," అన్నాడు బావ.

"ముందు సంగతి చెప్పి తర్వాత సవరించుకోవచ్చు కదా."

"తప్పు వాక్యానికి అర్థం చెప్పకూడదు," అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో ఎప్పుడూ ఉండే బిగువు లేదు. నా బాధలో నేను పట్టించుకోలేదు.

ఫిట్టరు మా మేనకోడలితో మాట్లాడాడు, పిల్ల మేనేజరుతో చెప్పింది, మేనేజరు అడిగింది మళ్ళీ వాడికి చెప్పింది. పలక లేదు, బలపం లేదు. రోలరు సంగతంతా అందరికీ అర్థమైపోయింది, నా కట్టు ముడి పడేలోపే. చివర్లో ఫిట్టరు అగ్గిపుల్ల నోట్లోంచి తీసి, పిల్లని చూపించి ఏదో అన్నాడు. అది సిగ్గుపడి మాకు చెప్పలేదు. అయినా అర్థమైంది. కంపెనీకి ఫోను చేసేది ఈ అమ్మాయే కావాలని అంటున్నాడు.

"కుదరదు," అన్నాడు బావ. "దీనికి పట్టిక పూర్తి కాలేదు."

పిల్ల తండ్రి వంక చూసింది. తర్వాత ఫిట్టరు వైపు తిరిగి, తండ్రి భుజం మీద చెయ్యి వేసి, ఫ్రెంచిలో ఒక వాక్యం చెప్పింది. పొడుగాటి వాక్యం, ఎక్కడా ఆగలేదు. డాబా మీద దుప్పట్లు పిండుతూ నేర్చిన గొంతు అది. ఫిట్టరు మొహం ఒక్కసారిగా విప్పారింది. బావ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపేశాడు, ఏదేదో మెచ్చుకున్నాడు.

బావ అటూ ఇటూ చూశాడు. కిటికీకి బీరువా అడ్డం పెట్టుకున్న మనిషిని నడిరోడ్డు మీద నిలబెడితే ఎలా ఉంటాడో అలా ఉన్నాడు. సంచీలో చెయ్యి పెట్టి పలక తీశాడు. కూతురి ముందుకి చాపి, "రాసి చూపించు," అన్నాడు.

అప్పుడు వెలిగింది నాకు. ఆయనకి అర్థం కాలేదు. ఇప్పుడే కాదు, ఇందాక రోలరు దగ్గరా కాలేదు. పొద్దున్న ఫిట్టరు చెప్పిందీ కాలేదు. అంత గోలలో ఆయనకి తెలిసిన మాట ఒక్కటి లోపించిందని మాత్రం చెవికి తగిలింది. దాన్నే పట్టుకుని వేలెత్తాడు. నోటితో పలికే ఫ్రెంచి ఆయనకి ఒక్క ముక్క తెలియదు. ఇన్నేళ్ళూ గది కిటికీకి బీరువా అడ్డం పెట్టింది, పిల్లల నోళ్ళు కట్టింది, కూతురి చేత దొంగచాటుగా రేడియో వినిపించింది ఈ ఒక్క సంగతి బయటపడకుండా ఉండడానికి. ఇక్కడ నాకు జాలి వేసిందని రాస్తే బాగుంటుంది. వేయలేదు. కట్టులో వేలు టకటకా కొట్టుకుంటోంది.

"రాయను నాన్నా," అంది పిల్ల. గొంతు పెంచలేదు. "మళ్ళీ చెప్తాను, వినండి." మళ్ళీ చెప్పింది, ఈసారి నెమ్మదిగా. ఆయన తల ఒక పక్కకి వంచి విన్నాడు. పలక చాపిన చెయ్యి అలాగే ఉంది. వాక్యం అయిపోయింది. ఆయన పలక సంచీలో పెట్టేసుకుని, బయటికి నడిచాడు.

"ఏమన్నావే?" అని అడిగాను నేను, తర్వాత.

"'మీ భాష నాకు వచ్చిందంటే ఈయన వల్లే, ఈయన మా నాన్న' అన్నాను మామయ్యా."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఆయన నేర్పాడా నీకు? రేడియో నేర్పింది, నేను దగ్గుతూ కాపలా కాశాను. ఆయనేం చేశాడు?"

"మాట్లాడుతుంటే ఆ గళ్ళు కళ్ళ ముందుంటాయి మామయ్యా. తప్పు చేద్దామన్నా చెయ్యనివ్వవు. అబద్ధమేం చెప్పలేదు. ఇది నువ్వు ఆయనకి చెప్పకు. విని తెలుసుకోవాలి."

సరే అన్నాను. ఆ పిల్ల మంచితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలియదు. మా వైపునుంచి మాత్రం కాదు.

ఇప్పుడు మా మేనకోడలు ఆఫీసు గదిలో అద్దాల వెనక కూర్చుని ఫోన్లు మాట్లాడుతుంది. సైకిల్ షాపు మీద గదికి పిల్లలు ఇంకా వస్తూనే ఉన్నారు, ఎనామిల్ పట్టిక చెక్కు చెదరలేదు. ఎర్ర కలం పని ఆయనే చేసుకుంటున్నాడు. మధ్యాహ్నం పూట కూతురికి కారియరు తెచ్చే వంకతో ఫ్యాక్టరీకి వస్తాడు. కారియరు లోపలికి పంపించి వెళ్ళిపోవచ్చు. వెళ్ళడు. అద్దాల బయట బల్ల మీద కూర్చుని, చెవి అటు పెట్టి వింటాడు. పెదాలు కదుపుతుంటాడు. అక్క దీన్ని చూసి పాపం అంటుంది. నా నోటికి ఆ మాట రాదు.

మొన్న నేను అటుగా వెళ్తుంటే పిల్ల ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది, ఆ ఫిట్టరుతోనే అయి ఉంటుంది. మాట్లాడుతూ అద్దంలోంచి ఒకసారి తండ్రి వంక చూసింది. బావ చటుక్కున నిటారుగా కూర్చున్నాడు. నా చొక్కా పట్టుకుని ఆపాడు.

"విన్నావురా? 'గ్రాస్ ఆ కి' అంది, ఎవరి వల్లనైతే అని. మనిషికి 'కి'. సరిగ్గా అంది."

"ఎవరి గురించి అంది బావా?"

ఆయన అద్దం వంక చూశాడు. అవతల పిల్ల ఇంకా మాట్లాడుతూనే ఉంది.

"అది తెలియలేదు," అన్నాడు.